గోల్ వెనుక మోగిన అన్నం గంట

2005 డిసెంబరు 11, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, హాస్టల్ వంటశాల ముందు వేలాడే ఇనుప గంటను కొక్కెం నుంచి విప్పి, కర్రకు కట్టి, ఒక కొస నా భుజాన, రెండో కొస మా గోల్ కీపర్ భుజాన పెట్టి, నేను ఆటస్థలానికి బయలుదేరాను. ఆ నిమిషాన దారిలో దయగల ఎద్దు ఒకటి ఎదురై నన్ను ఒక్క కుమ్ము కుమ్మి ఉంటే, ఒక కళాశాల ఫుట్‌బాల్ చరిత్ర మరోలా ఉండేది. ఎద్దు రాలేదు. ఆ ప్రాంతంలో కావలసిన సమయానికి ఏదీ రాదు, మణుగూరు బస్సుతో సహా.

కాబట్టి పాఠకులకు ముందే మనవి చేస్తున్నాను. ఇది గెలుపు కథ కాదు. కథ చివర ఎవరో వచ్చి అంతా చక్కదిద్దుతారని ఆశపడకండి. నేను అలా ఆశపడే ఈ స్థితికి వచ్చాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. పినపాక వైపు, అడవి అంచున ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కామర్స్ చెప్పేవాణ్ని. పెళ్ళి కాలేదు కనుక హాస్టల్ డిప్యూటీ వార్డెన్‌ను చేశారు. సాయంత్రాలు ఖాళీగా ఉంటున్నానని ఫుట్‌బాల్ ఇన్‌చార్జిని కూడా చేశారు. ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందన్న ఒక్క సంగతే. మా కళాశాల బంతి విషయంలో అదీ పూర్తిగా నిజం కాదు.

నేను పద్ధతి గల మనిషిని. హాస్టల్లో నేను అడుగుపెట్టే నాటికి భోజనం ఒక తిరునాళ్ళలా సాగేది. ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరు రెండుసార్లు తింటారో దేవుడికే తెలియదు. బొగ్గు రైళ్ళ దారిలో పాతబడి తీసేసిన పట్టా ముక్క ఒకటి సంపాదించి వంటశాల ముందు గంటగా వేలాడదీశాను. మూడు పూటలా నేనే కొట్టేవాణ్ని. ముందు ఆగి ఆగి మూడు దెబ్బలు, తరువాత ఊపిరి తీయకుండా గణగణ. మోగిన అయిదు నిమిషాల్లో వరుసలో నిలబడనివాడికి అన్నం ఉంటుంది, కూర ఉండదు. ఆదివారమైతే ఆ కూర కోడికూర.

మొదటి నెలలోనే ఏలియా దొరికాడు. ఏలియా అంటే మా గోల్ కీపర్. చర్చి పక్క వీధి కుర్రవాడు, తలుపంత మనిషి, ఆకలి కూడా ఆ కొలతకు తగ్గదే. ఆరో నిమిషంలో, తల నిండా సబ్బు నురగతో, నడుముకు తువ్వాలుతో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, తానం చేస్తున్న సార్. కండ్లల్ల సబ్బు వడ్డది. తొవ్వ కనవడలే."

"గంట వినవడ్డదా, లేదా?"

"వినవడ్డది సార్."

"మరి? చూడు ఏలియా, గంట మోగిందంటే చేతిల ఏ పనున్నా వదిలిపెట్టి రావాలె. నీ ముందర పులి నిలబడ్డా సరే, దాన్ని అట్లనే వదిలేసి వచ్చి వరుసల నిలబడాలె. అర్థమైందా?"

"అయింది సార్."

ఆ పూట వాడు ఉత్త అన్నం తిన్నాడు. తల మీద నురగ ఎండిపోయి, తెల్లవెంట్రుకల ముసలివాడిలా గోడ వైపు తిరిగి కూర్చొని తిన్నాడు. ఆ తరువాత రెండేళ్ళలో ఒక్కడు కూడా ఆలస్యంగా రాలేదు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే లేచి వచ్చేవాడు. ఆ క్రమశిక్షణ చూసి నేను ఎంత పొంగిపోయేవాణ్నో ఇప్పుడు తలచుకుంటే నా వీపు నేనే చరుచుకోవాలనిపిస్తుంది, మెచ్చుకోలుగా కాదు.

ఇక ఆటస్థలం సంగతి. అది తేలికగా వచ్చింది కాదు. చెట్లు కొట్టేసిన నేల. ఎక్కడ కాలు పెట్టినా మొద్దు. కెప్టెన్ భద్రం, ఏలియా, మరో పదిమంది పిల్లలు రెండు వేసవులు ఇళ్ళకు పోకుండా గడ్డపారలతో ఆ మొద్దులన్నీ పెకిలించారు. వెదురు బొంగులతో గోల్ స్తంభాలు పాతారు. భద్రం తక్కువ మాటల మనిషి. వాడికి ఆ నేల మీద ప్రతి గుంత పేరుతో సహా తెలుసు.

ఆ నేల మీద మా కరస్పాండెంటు గారి కన్ను పడింది. ఆ రోజుల్లో బి.ఎడ్. కళాశాలలు వానకు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఒకనాడు సాయంత్రం ఆయన ఆటస్థలం మధ్యలో చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి నన్ను పిలిపించారు.

"ఏం సారూ, గిక్కడ బి.ఎడ్. కాలేజ్ కడ్తే ఎట్లుంటది?"

"పిల్లలు ఆడుకునేది ఇక్కడనే గదండీ."

"ఆడి ఏం సాధించిండ్రు?"

"కాలేజీల పోటీలల్ల సెమీఫైనల్ దాక వచ్చినమండీ. వచ్చే ఆదివారం మధిర టీం మన దగ్గరికే వస్తున్నది."

ఆయన కాసేపు ఆకాశం వైపు చూశారు, మొదటి అంతస్తు అక్కడ కనిపిస్తున్నట్టు. "సరే. ఆ మ్యాచ్ గెలిచి ఫైనల్‌కు పొమ్మను. ఈ జాగ జోలికి నేను రాను. ఓడిపోయిండ్రా, సోమవారం పొద్దుగాల పునాదికి ముగ్గు పోయిస్త. మళ్ళ నన్ను ఏమనద్దు."

గెలవాలి. సమానంగా ముగిస్తే కూడా లాభం లేదు. అవే పోటీల్లో అంతకు ముందు ఆటల్లో మధిర వాళ్ళు మాకంటే ఎక్కువ గోల్స్ కొట్టి ఉన్నారు కనుక సమానమైతే ఫైనల్‌కు వాళ్ళే పోతారు. భద్రానికి ఈ మాట చెబితే వాడు తల ఊపి, చీకటి పడే దాకా ఒంటరిగా బంతిని గోడకు కొడుతూ ఉండిపోయాడు.

నేను మాత్రం ఆలోచించాను. నా జీవితంలో జరిగిన అనర్థాలన్నీ ఈ వాక్యంతోనే మొదలయ్యాయి.

అంతకు రెండు నెలల ముందు మధిర వెళ్ళి ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడి రెండు గోల్స్ తేడాతో ఓడిపోయి వచ్చాం. అక్కడ వాళ్ళ విద్యార్థులు రెండు డప్పులు, బ్యాండు మేళం నుంచి తెచ్చిన పెద్ద డోలు పెట్టుకొని మా చెవులు చిల్లులు పడేలా వాయించారు. వాళ్ళ కుర్రవాళ్ళు మావాళ్ళకంటే వేగంగా పరుగెత్తారన్నది కూడా నిజమే గాని, అది నా దృష్టికి రాలేదు. మా ఓటమికి ఏకైక కారణం శబ్దలోపమని ఆ రాత్రి డైరీలో రాసుకొని, కింద గీత కూడా గీశాను.

వారం రోజుల్లో సైన్యం సిద్ధమైంది. భద్రాచలం తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ బూరలు ఊదేవాళ్ళు ఒక దళం. మక్క చేలల్లో మంచెల మీద కూర్చొని అడవి పందులను బెదరగొట్టడానికి వాడే నూనె డబ్బాలు రైతుల దగ్గర అడిగి తెచ్చి, గులకరాళ్ళు నింపి, మరో దళం. స్టీలు కంచాల మీద గరిటెలతో మోగించేవాళ్ళు మూడో దళం. అంతా కలిపి నూట ఎనభై మంది హాస్టల్ పిల్లలు. దళానికొక నాయకుడు. రోజూ సాయంత్రం హాజరు తీసుకొని సాధన చేయించాను. ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఎవరో ఫిర్యాదు తెస్తే, దాన్ని ప్రశంసాపత్రంగా స్వీకరించాను.

అయినా తనివి తీరలేదు. అన్నిటినీ మించిన శబ్దం ఒకటి కావాలి, ఆఖరి ఘడియలో ప్రయోగించడానికి. అప్పుడు నా కన్ను వంటశాల గంట మీద పడింది.

మ్యాచ్ రోజున వచ్చిన జట్టుతో కలిసి తిందామని కోడికూర సాయంత్రానికి వాయిదా వేశాం. పిల్లలకు పొద్దున ఇంత ఉప్మా, మధ్యాహ్నం ఇంత పులిహోర. మా వంటమనిషి మరియమ్మ చర్చి నుంచి వచ్చి ఉల్లిగడ్డలు కోస్తుండగా నేనూ ఏలియా గంట విప్పాం.

"ఏంది సారూ, గంట ఎక్కడికి మోస్తున్నరు?"

"మ్యాచ్‌కు కావాలె మరియమ్మా. గట్టిగ మోగుతది."

"మరి కూర ఉడికినంక పోరగాండ్లను నేను ఎట్ల పిల్వాలె? కొంగు ఊపాల్నా?"

"నీ కూర ఉడికే లోపల తెచ్చి మళ్ళ తగిలిస్త."

"అయిదున్నరకు గాని ఉడకది. అప్పటి దాక నువ్వు దాంతోని బాలు ఆడుకుంటవో, బువ్వే తింటవో, నాకేంది," అని ఆమె మళ్ళీ ఉల్లిగడ్డల్లో పడింది. ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. నాకూ రాలేదు. కర్ర రెండో కొస మోస్తున్న ఏలియాకైతే అసలే రాలేదు. వాడు దారి పొడుగునా కూర వాసన వస్తోందా అని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

గోల్ స్తంభాల వెనుక తుమ్మచెట్టు కొమ్మకు గంట కట్టాం. రెండో సగంలో మావాళ్ళు కాపాడుకోవలసిన గోల్ అదే.

మూడు గంటలకు ఆట మొదలైంది. నా సైన్యం విజృంభించింది. ఆ మోతకు మైదానం చుట్టూ ఉన్న చెట్ల మీది కాకులు లేచి గోదావరి వైపు వెళ్ళిపోయాయి. నాకు తెలిసినంత వరకు తిరిగి రాలేదు. పావుగంట గడిచిందో లేదో భద్రం గీత దగ్గరకు పరుగెత్తుకొచ్చి ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనబడింది.

"ఏంది?"

"జర ఆపమనుండ్రి సార్! ఏలియా ఏమంటుండో నాకు ఇనవడ్తలే! వెనకెవడున్నడో తెల్వకుంట ఆడుతున్న!"

"వాళ్ళకు గూడ అంతే గద!"

"వాళ్ళు డప్పులల్ల పెరిగిండ్రు సార్, వాళ్ళకు అలవాటే!"

యువకుడు, ఉద్రేకంలో ఉన్నాడు, అనుకున్నాను. విశ్రాంతి వేళ రిఫరీ కూడా చెవులు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు.

"సారూ, నేను ఊదిన ఈల నాకే ఇనస్తలేదు. మొదటి నుంచి దస్తీ ఊపుకుంట ఆట నడిపిస్తున్న."

"అంటే పనిచేస్తున్నట్టే గదండీ?"

"ఎవలికి పనిచేస్తున్నదో మీరే చూస్కోండ్రి," అని నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

రెండో సగంలో మాకు గోల్ వచ్చింది. నిజాయితీగా చెప్పాలంటే, బూరల దళం నీళ్ళు తాగడానికి, డబ్బాల దళం రాళ్ళు నింపుకోవడానికి ఆగిన ఒకే ఒక నిశ్శబ్ద సమయంలో వచ్చింది. ఏలియా "భద్రం, ఎడమకు!" అని కేక పెట్టి బంతిని పొడుగ్గా కొట్టడం, భద్రం విని ఎడమకు తిరగడం, బంతి వెదురు బొంగుల మధ్యకు దూరడం, అన్నీ ఆ నిశ్శబ్దంలోనే జరిగాయి. ఆ సంగతిని నేను ఎలా అర్థం చేసుకున్నానో తెలుసా? మా మోతకు శత్రువు అలసిపోయాడని. కుర్చీలో కూర్చున్న కరస్పాండెంటు గారి ముఖంలో మొదటి అంతస్తు కూలిపోవడం మాత్రం స్పష్టంగా చూశాను.

ఇంకా మూడు నిమిషాలు. ఒకటి-సున్నా. మధిర వాళ్ళకు కార్నర్ కిక్ దొరికింది. మావాళ్ళంతా గోల్ ముందు గుమిగూడారు. నా సైన్యం అప్పటికి నీరసించింది. బూరలు పిల్లికూతలు కూస్తున్నాయి, డబ్బాలు సగం చితికాయి. ఇదే ఆఖరి ఘడియ. గంట కొట్టే సుత్తి ఎత్తాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఎందుకంటే ఆనాడు నేను ఆగలేదు.

గంటను ఎన్ని విధాలుగానైనా కొట్టవచ్చు. గుడిలోలా, బడిలోలా, నిప్పంటుకున్నప్పుడు కొట్టేలా. కాని రెండేళ్ళుగా మూడు పూటలా ఒకే తీరుగా కొట్టిన చెయ్యికి ఒకే తీరు వస్తుంది. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఆ తరువాత ఊపిరి తీయకుండా గణగణగణ.

మైదానం మీద నిశ్శబ్దం పడింది. బూర నోట్లోనే ఆగింది. డబ్బా గాల్లోనే ఆగింది. గంట గాంభీర్యానికి అందరూ ముగ్ధులయ్యారని తలచి నేను మరింత జోరు పెంచాను. మరుక్షణం నూట ఎనభై మంది లేచి వంటశాల వైపు పరుగు లంకించుకున్నారు. అందరికంటే ముందు కంచాల దళం. వాళ్ళ చేతుల్లో కంచాలు ఉండనే ఉన్నాయి కదా. డబ్బాల దళం డబ్బాలు అక్కడికక్కడే పారేసి వాళ్ళ వెనుక. నేల అదిరింది, దుమ్ము లేచింది, ఒక్క దళనాయకుడైనా వెనక్కి తిరిగి చూడలేదు.

నేను తల తిప్పి మైదానం వైపు చూసే సరికి మా రక్షణలో ఇద్దరు వంటశాల వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నారు. ఏలియా కళ్ళు బంతి మీదే ఉన్నాయి, ఆ మాట వాడి పక్షాన చెప్పాలి. కాని కాళ్ళు మాత్రం వాటి దారిన అవి నాలుగడుగులు పక్కకు నడిచేశాయి. కార్నర్ నుంచి వచ్చిన బంతి ఏమంత గొప్ప బంతి కాదు. ఆలస్యంగా పెళ్ళికొచ్చిన చుట్టంలా తాపీగా వచ్చి, ఒకసారి నేల మీద కూర్చొని, లేచి, ఎవరూ లేని గోల్‌లోకి నడిచి వెళ్ళింది.

"ఏలియా!" అన్న భద్రం కేక ఆ సాయంత్రం మైదానంలో అందరికీ స్పష్టంగా వినిపించింది. వినిపించడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

మిగిలిన కాస్త సేపూ భద్రం ఒక్కడే పదకొండు మంది ఆట ఆడాడు. వాడు కొట్టిన ఆఖరి బంతి అడ్డబొంగుకు తగిలి బొంగు ఊగింది గాని బంతి లోపలికి పోలేదు. రిఫరీ ఈల ఊదాడు. ఆ రోజు మొదటిసారి అది వినిపించింది. ఆ తరువాత మైదానంలో మోగిన ఒకే ఒక చప్పుడు మధిర జట్టు బస్సు డ్రైవరు చప్పట్లు.

కరస్పాండెంటు గారు నా దగ్గరకు వచ్చి, ఎంతో ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యి వేశారు. "మీరు గెలిచినా మాట మీదనే ఉండేటోన్ని సారూ. గిట్ల గంట కొట్టి మరీ జాగ ఇస్తరని మాత్రం అనుకోలే."

వంటశాల దగ్గర ఇంకో విధ్వంసం. నూట ఎనభై మంది వరుస కట్టి నిలబడ్డారు. మరియమ్మ గరిట పట్టుకొని గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఎవడ్రా గంట కొట్టింది? మసాల గూడ ఎయ్యలే! ముక్క ఇంక కూతెయ్యబోతున్నట్టే ఉన్నది!"

"సారే కొట్టిండు, అక్కా!"

"సారుకు మతి గిట్ల పోయిందా?"

జవాబు చెప్పవలసినవాణ్ని నేను తుమ్మచెట్టు కింద సుత్తి పట్టుకొని కూర్చొని ఉన్నాను. ఉడకని కూర కోసం ఒక ఆటస్థలం పోగొట్టిన మనిషి చేయదగిన పని మరొకటి నాకు తోచలేదు.

పొద్దు గుంకింది. అయిదున్నరకు కూర నిజంగానే ఉడికింది. గంట నా నెత్తి మీద వేలాడుతోంది కనుక మరియమ్మ గొంతు చించుకొని అరవవలసి వచ్చింది. ఒకసారి మోసపోయిన పిల్లలు చాలాసేపు నమ్మక గదుల్లోంచి కదలలేదట.

భద్రం వచ్చి నాకు కాస్త దూరంలో కూర్చున్నాడు. చేత్తో నేలను తడుముతూ అన్నాడు: "సార్, గీ మూలకున్న మొద్దు తీసుడుకు నాకు నెల పట్టింది. ఏగిచెట్టు మొద్దు. కింద బండంత వేరు."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత ఏలియా వచ్చాడు. చేతిలో రెండు కంచాలు. ఒకటి భద్రం ముందు, ఒకటి నా ముందు పెట్టాడు. వరుసలో లేనివాడికి కూర లేదన్న నా నియమం ప్రకారం నాకు రావలసింది ఉత్త అన్నమే. కంచంలో మాత్రం పెద్ద ముక్క ఉంది. వాడి ముక్క.

"ఎందుకురా గోల్ వదిలిపెట్టి పోయినవ్?" అన్నాను. కోపంతో కాదు, ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒకటి అడగాలి కనుక.

వాడు నన్ను ఆశ్చర్యంగా చూశాడు. "మీరే గద సార్ చెప్పింది? ముందర పులి నిలబడ్డా వదిలేసి రమ్మంటిరి. అక్కడున్నది పులి గూడ కాదు సార్, ఉత్త బాలేనాయె!"

ఆ రోజంతా పెదవి విప్పి నవ్వని భద్రం, నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగి, భుజాలు ఊగేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ముగ్గు పోశారు. కరస్పాండెంటు గారు మాట మీద నిలబడే మనిషి. ఆయన గురించి ఎవరు ఏమన్నా ఈ ఒక్కటి నేను ఒప్పుకోవాలి. మూల మొద్దు పీకిన చోట ఇప్పుడు బి.ఎడ్. కళాశాల మెట్లు ఉన్నాయి. నేను ఆ మరుసటి సంవత్సరమే ఉద్యోగం మారి ఖమ్మం వచ్చేశాను. ఖానాపురం హవేలిలో మా ఇంటి దగ్గర షేర్ ఆటోలో ఎప్పుడైనా ఏలియా ఎదురైతే, నిండు ఆటోలో అందరూ వినేలా ఒకే ప్రశ్న వేస్తాడు: "సార్, మళ్ళ గంట గిట్ల కొట్టలే గద?"

లేదు. నా శేషజీవితాన్ని సాక్షిగా పెట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఆకలితో ఉన్న ఏ మనిషికీ వినబడే దూరంలో, ఒక ఇనుప వస్తువుతో మరో ఇనుప వస్తువును ఇక ఎన్నడూ కొట్టను. మా ఇంట్లో గరిట గిన్నెకు తగిలినా, నేను ముందు కిటికీలోంచి, అక్కడ లేని గోల్ వైపు చూసి, అటు తరువాతే భోజనానికి కూర్చుంటాను.

పోయినవి: ఒక మ్యాచ్, ఒక ఆటస్థలం, రెండు వేసవుల చెమట, ఆ గంట మీద పిల్లలకున్న నమ్మకం.

మిగిలినవి: సొట్టపడ్డ ప్లాస్టిక్ బూర ఒకటి, కాకులు లేని ఒక తుమ్మచెట్టు, నేను తినలేక ఏలియాకే తిరిగి ఇచ్చేసిన కోడిముక్క. అది కూడా ఎక్కువసేపు మిగలలేదు.